దారి పలక

తన నాయన శ్యాంసన్ పేరును సొంత బావమరిది మహేష్ పోస్టాఫీసు గుమ్మం కాడ అమ్ముకు తింటున్నాడన్న సంగతి సత్యానందానికి సోమవారం పొద్దున, పలకకు ఫ్రేము బిగిస్తా ఉన్నప్పుడు తెలిసింది. అప్పుడు నోట్లో మేకులున్నాయి, చేతిలో చిన్న సుత్తి ఉంది. పెళ్ళాం సుచరిత షెడ్డు గడప మీద నిలబడి ఫోన్లో చదువుతా ఉంటే, నోట్లో మేకులున్న సంగతి మరిచి "ఏందీ?" అన్నాడు. ఒక మేకు నాలిక కింద గుచ్చుకుంది. దాన్ని ఉమ్మేసి, మిగతావి అరచేతిలోకి తీసుకొని, "మళ్ళీ చదువు" అన్నాడు.

సుచరిత గొంతు సవరించుకొని మళ్ళీ మొదలుపెట్టింది. "'శ్యాంసన్ పలకలు, మార్కాపురం. అయిదు పలకల కట్ట తెప్పించుకున్నాను. పలక బాగుంది. అయిదింట్లో ఒకటి మూల పగిలి వచ్చింది, అడిగితే దాని డబ్బు వెనక్కి ఇచ్చారు. అది సరే. కానీ పోస్టు ఖర్చు అని నా దగ్గర నూట నలభై తీసుకున్నారు. కట్ట మీద పోస్టాఫీసు వాళ్ళు అంటించిన చీటీలో ఎనభై మూడు రూపాయలే ఉంది. మిగతా యాభై ఏడు ఎవరి జేబులోకి పోయినట్టు? అక్షరాలు దిద్దే పలక మీద కూడా లాగాలా?' కింద చీటీ ఫొటో పెట్టింది. అయిదు చుక్కల్లో ఒకే ఒక్కటి ఇచ్చింది. సుధారాణి అంట. కాకినాడలో టీచరంట."

"పోస్టుకు నూట నలభై అని రాసిందెవురు?"

"మనకేం తెలుసయ్యా. ఆ యవ్వారమంతా మహేష్‌దే గదా."

"ఆరు పంపితే అయిదంటదేంది ఆమె?"

"ఏమో. ఇంకోటి కూడా ఉంది. ఆన్‌లైన్లో మన పలకలు అమ్మిపెట్టే ఆ కంపెనీవోళ్ళు పంపినారు. ఈ ఫిర్యాదుకు మూడు రోజుల్లో జవాబియ్యకపోతే మన దుకాణాన్ని అందులోనించి తీసేస్తారంట."

సత్యానందం తలెత్తి షెడ్డు మొగదల వేలాడే రేకు బోర్డు వైపు చూసినాడు. శ్యాంసన్ పలకలు. ఆ అక్షరాలు నాయన తన చేత్తో రాసినవి. పలక మీద రాసే మనిషి గనక రేకు మీద కూడా తెల్లరంగుతో, కొమ్ములు సాగదీసి, గుండ్రంగా రాసినాడు. ఆ మనిషి బతికినన్నాళ్ళూ లారీకి ఎక్కించిన పలకల మీద ఒక్క మాట పడలేదు. ఇప్పుడు కాకినాడలో ఎవురో టీచరమ్మ, ఆయన పేరు కింద, ఊరందరూ చదివేటట్టు, 'ఎవరి జేబులోకి' అని అడగతాంది.

బిగిస్తా ఉన్న ఫ్రేముకు ఇంకా రెండు మూలలు మిగిలినాయి. ఎంత కోపమొచ్చినా సగంలో వదిలిన పలక చెక్క ఎండకు వంకర పోతాది. కూచోని ఆ రెండు మూలలకూ రేకు ముక్కలు పెట్టి, మేకులు దించి, పలకను అటూ ఇటూ ఊపి చెవి కాడ పెట్టుకొని విన్నాడు. గలగల లేదు. అప్పుడు లేచినాడు.

బస్టాండు పక్కన మహేష్ జెరాక్సు సెంటరు. ఆన్‌లైన్ పనులన్నీ చేయబడును అని అద్దం మీద రాసుంటాది. లోపల నలుగురు ఆధార్ కాగితాలు పట్టుకొని నిలబడి ఉన్నారు. బావను చూడంగానే మహేష్ కుర్చీ జరిపినాడు.

"రా బావా. టీ చెప్పనా?"

"ఆ టీ యాభై ఏడు రూపాయల్లోదేనా?"

కాగితాలు పట్టుకున్నోళ్ళు ఇద్దరి మొకాలూ చూసినారు. మహేష్ మొకం ఒక్క గడియ తెల్లబోయింది. ఆ కాకినాడ సంగతి వాడు కూడా చూసినట్టే ఉన్నాడు.

"పోస్టంటే చీటీ ఒక్కటేనా బావా? టేపుండాది. ఆటో ఉండాది. నేను కౌంటరు కాడ నిలబడేది ఉండాది."

"టేపు యాభై ఏడా? ఏం టేపురా అది, వెండి జరీ టేపా?"

"అందరూ అట్లనే రాస్తారు. పలక ధర తక్కువ కనపడితే కొంటారు. పోస్టు కింద ఎంతేసినా చూడరు. యాపారం అట్లనే జరగతాంది."

"టేపుకు టేపని రాయి. ఆటోకు ఆటో అని రాయి. పోస్టని రాసి టేపు కొనుక్కుంటే దాన్నేమంటార్రా?"

"వెయ్యి మందిలో ఒక్కరు చూస్తారు బావా చీటీని."

"మా నాయన పేరు ఆ ఒక్కరి కాడనే పోయింది."

కాగితాలోళ్ళలో ఒకాయన "మాటంటే అదీ" అన్నాడు. మహేష్ ఆయన కాగితం గుంజుకొని మిషన్లో పెట్టినాడు. వెలుగు అటునించి ఇటు పాకింది. వాడు బావ వైపు తిరగకుండానే, "నీకు తెలవదు బావా. నువ్వు కట్టే కట్ట..." అని ఆగిపోయినాడు.

"కట్టకేమైందిరా?"

"ఏం కాలేదులే. పాస్‌వర్డు అక్క ఫోనుకు పంపుతా. ఒక్క వారం నువ్వే పంపి చూడు. చీటీ మీదెంతుంటే అంతే తీసుకో. చూస్తా నేను కూడా."

"చూడు. కండ్లు ఇప్పార్చుకొని చూడు" అని సత్యానందం దిగి వచ్చినాడు. వస్తా ఉంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. చేతికి అందిన దొంగను పట్టుకొని స్టేషను కాడ అప్పగించి వస్తా ఉన్నట్టుంది.

ఇంటికొచ్చి మొదట కాకినాడకు ఫోను చేసినాడు.

"సుధారాణి మేడమేనా అమ్మా? నేను మార్కాపురం నుంచి సత్యానందాన్ని. శ్యాంసన్ కొడుకును."

"శ్యాంసన్ అంటే ఎవరండీ?"

"పలకల మీద ఉండే పేరు తల్లీ. మీ యాభై ఏడు రూపాయలు ఇప్పుడే పంపుతాండాం. ఆ రాసినోడు నా బావమరిది. ఇంక వాడు లేడు."

అవతల ఆమె కంగారు పడింది. "అయ్యో, ఏమైందండీ?"

"బానే ఉన్నాడు. ఈ పనిలో లేడు."

ఆమె నవ్వింది. నవ్వు ఆపుకొని, "డబ్బు కోసం కాదండీ. చెప్పి తీసుకుంటే వంద తీసుకోండి. చెప్పకుండా తీసుకున్నది రూపాయైనా గుచ్చుకుంటుంది" అన్నది.

సుచరిత జవాబు రాస్తా ఉంటే, సత్యానందం షెడ్డులో ఇటునించి అటు నడుస్తా చెప్పినాడు. "రాయి. మా వల్ల తప్పయింది. మీ డబ్బు వాపసు పంపినాం. ఈ పొద్దు నుంచి అయిదు పలకల కట్టకు పోస్టు ఎనభై మూడు రూపాయలు. చీటీ మీద ఒక్క రూపాయి తేడా ఉన్నా నా గొంతు మీద కూచోని అడగండి. శ్యాంసన్ కొడుకు సత్యానందం."

"గొంతు మీద అని రాయాల్నా?"

"అదే రాయి."

సుచరిత రాసింది. తమ్ముడి మీద మాట పడినందుకు దిగులో, మొగుడి గొంతులో హుషారు చూసి సంబరమో, ఆమె మొకంలో రెండూ ఉన్నాయి.

మరుసటి పొద్దున ఫోను కుయ్యిమనడం మొదలుపెట్టింది. సుచరిత ముందు అలారమనుకుంది. అది అలారం కాదు, ఆర్డరు. ఇంకోటి. చాయ పొంగించే లోపల ఇంకో మూడు. కాకినాడ, పిఠాపురం, సామర్లకోట, అమలాపురం. బడులు తెరిచే కాలం. సుధారాణి ఆ జవాబును ఫొటో తీసి తన టీచర్ల గ్రూపులో పెట్టిందంట. 'గొంతు మీద కూచోని అడగమంటున్నాడు, ఇలాంటి వాడి దగ్గర కొనాలి' అని కింద రాసిందంట. ఆమే పది కట్టలు పెట్టింది.

"ఎన్నైనాయి?" సత్యానందం రాళ్ళ పెట్టె కాడినుంచి అరిచినాడు.

"ఇరవై ఆరు. ఉండు, ఇరవై ఎనిమిది."

రంపం ఆగితే చెక్క పొట్టు, సుత్తి ఆగితే రాతి దుమ్ము. ఆ రోజంతా షెడ్డు ఊపిరి పీల్చుకోలేదు. పలక చదరంగా కోసి, నీళ్ళూ ఇసకా పోసి రుద్ది, తడి ఆరకముందే అంచులు ఆకురాయితో మొండిచేసి, గాడి తీసిన ఫ్రేములోకి నెట్టాల. గాడి బిగువైతే రాయి పగులుతాది, వదులైతే ఊగుతాది. సత్యానందం చేతులు వాటంతట అవే పోతాండాయి. సామాన్యంగా విసుక్కుంటా చేసే పని ఆ రోజు ఆటలాగ ఉంది. మధ్యాన్నానికి పక్కింటి అఫ్సానాను పిలుచుకొచ్చినారు. ఆమె బురఖా గోడకు తగిలించి, కొంగు బిగించి, అట్టపెట్టెలు కోయడానికి కూచుంది.

"ఏందన్నా ఈ జాతర? పెళ్ళి పలకలా?" అన్నది.

"పెళ్ళే. పోస్టాఫీసుకూ నాకూ."

"అయితే పెళ్ళికూతురికి ఇయ్యాల్సిన మెహర్ ఎంతో ముందే మాట్లాడుకో. తర్వాత గొడవలొస్తాయి."

కట్ట కట్టే పని సత్యానందం ఎవురికీ ఇయ్యడు. అట్టపెట్టె అడుగున వరిగడ్డి పరిచి, పలకలను మొకం మొకం చేర్చి, మధ్యన పాత పేపరు మడిచి, అయిదూ నిలబెట్టకుండా పడుకోబెట్టినాడు. వాటి మీద ఇంకో పిడికెడు గడ్డి. గడ్డి మీద ఇంకో పలక. దాని మీద మూత.

అఫ్సానా చెయ్యి ఆపి చూసింది. "ఆరైనాయే. అయిదు కదా అన్నా కొన్నది?"

"ఆరోది దారి పలక."

"అంటే?"

"లారీలో వేసినా, రైల్లో వేసినా దారి ఒక పలకను తింటాది. ఎత్తేసేటోళ్ళు పైనుంచి గుద్దితే ముందు దానికి తగులుతాది. అది పోతే పోయింది, కింద అయిదూ బతుకుతాయి. మా నాయన ఎప్పుడూ అనేటోడు. దారి తినేది మనమే పెట్టాలరా, కొన్నోడి నోటికాడిది కాదు అని."

"పగలకపోతే?"

"పిల్లోళ్ళకు ఇంకో పలక."

అఫ్సానా తలూపి, ఆ పలక మీద ఉన్న దుమ్మును కొంగుతో తుడిచి పెట్టింది. సుచరిత మూత మూసి టేపు లాగింది. ఆమె టేపును పంటితో తెంపతా ఉంటే ఆ చప్పుడు కూడా సత్యానందానికి సంగీతంగానే ఉంది.

షెడ్డులో అంతకు ముందే చేసిపెట్టినవి కూడా కలుపుకొని బుధవారం సాయంత్రానికి నూట పన్నెండు కట్టలైనాయి. ఇంటి గోడకు తలెత్తు పేర్చినారు. ఇంక రాయి ఉంది గానీ చెక్క లేదు. సుచరిత ఆర్డర్లు ఆపేసింది. చెక్క శనివారం గిద్దలూరు కర్ర అడితి నుంచి రావాల. దానికని పెట్టెలో పదహైదు వేలు దాచి పెట్టుకున్నారు. ఆ డబ్బు తీసి లెక్కపెట్టి సత్యానందం జేబులో పెట్టుకున్నాడు. కంపెనీవోళ్ళు డబ్బులిచ్చేది కట్ట చేరినాక. పోస్టు ముందు కట్టాల్సింది తనే.

"తొమ్మిది వేల మూడు వందలు పోస్టుకు. కట్టలు చేరంగానే తిరిగొస్తాది. మిగతాది అడితికి ముందిచ్చే బయానా" అన్నాడు. "శనివారం చెక్క దిగుతాది. సోమవారం ఇంకో వంద."

"మహేష్ గాడికి ఒక మాట చెబుదామా? పోస్టాఫీసులో వాడికి అలవాటు."

"వాని అలవాటే గదా నేను మాన్పిస్తా ఉండేది."

బేస్తవారం రెండు ఆటోలు మాట్లాడినాడు. ముందు ఆటోలో తనే కూచున్నాడు, ఒడిలో నాలుగు కట్టలు పెట్టుకొని. ఎండ మొకాన కొడతాంది. ఊళ్ళో ఎవురు కనపడినా ఆటోలోనించి చెయ్యెత్తినాడు. ఎందుకు చెయ్యెత్తినాడో తెలియక వాళ్ళు కూడా ఎత్తినారు.

పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటరు కాడ అల్లాబక్ష్. రిటైర్మెంటు దగ్గరికొచ్చిన మనిషి, తెల్లగడ్డం, కండ్లద్దాలకు దారం. కట్టల గోడ లోపలికి నడిచి రావడం చూసి అద్దాలు నుదుటికెత్తినాడు.

"యా అల్లా. సత్యానందం, ఊరు ఖాళీ చేస్తున్నావా?"

"పెట్టు భాయ్ తూకం. ఎనభై మూడు లెక్కన నూట పన్నెండు. డబ్బు రెడీగా ఉంది."

అల్లాబక్ష్ మొదటి కట్ట మిషను మీద పెట్టినాడు. ఎర్ర అంకెలు ఊగి ఆగినాయి. "రెండు కిలోల మూడు వందలు. నూట ముప్పై ఒకటి."

"ఎనభై మూడు."

"అది రెండు కిలోల లోపలైతే. దాటితే ఇంకో మెట్టు."

"మిషను సరిగా ఉండాదా?"

అల్లాబక్ష్ ఇంకో కట్ట తీసుకొని పెట్టినాడు. రెండు కిలోల రెండు వందల తొంభై. ఇంకోటి. మూడు వందల పది. సత్యానందం తనే ఒక కట్ట అడుగునించి లాగి పెట్టినాడు. అంకెలు అక్కడే వచ్చి నిలబడినాయి.

"అదెట్ల భాయ్? మహేష్ తెచ్చినప్పుడు ఎనభై మూడు పడింది గదా. కాకినాడకు పోయిన కట్ట మీద నువ్వంటించిన చీటీనే. ఫొటో ఉండాది మా ఇంటిదాని కాడ."

అల్లాబక్ష్ అద్దాలు కిందికి దించుకొని, సత్యానందాన్ని కొంచెంసేపు చూసినాడు. చెప్పాల్నా వద్దా అని తూచినట్టు చూసి, కౌంటరు అవతల గోడవారగా ఉన్న బల్లను చూపిచ్చినాడు.

"మహేష్ ఆ బల్ల మీద కూచోని కట్టలు విప్పేటోడు. పైనున్న పలక ఒకటి తీసి, మళ్ళీ టేపేసి నాకిచ్చేటోడు. నీకు తెలుసనుకున్నా."

సత్యానందం ఆ బల్లను చూసినాడు. బల్ల అంచు పొడుగునా టేపు చించి అంటించిన గుర్తులు, గోధుమరంగు ముక్కలు, ఎండిపోయి ఉన్నాయి. కాకినాడ ఆమె అయిదింట్లో ఒకటన్న మాట అప్పుడు అర్థమైంది. ఆమె తప్పు లెక్కపెట్టలేదు. దారి తినేదాన్ని ముందే తీసేస్తే, దారి మిగతా అయిదింట్లో ఒకదాన్ని తిన్నది.

అల్లాబక్ష్ ఎప్పుడు చేసినాడో ఫోను. మహేష్ బండి ఆపి, టేపు చుట్ట మణికట్టుకు గాజులాగ తొడుక్కొని, చిన్న కత్తి పట్టుకొని లోపలికొచ్చినాడు. బావ మొకం చూసి, వాదన పెట్టుకోకుండా నేరుగా బల్ల కాడికి పోయి కూచున్నాడు.

"నూట పన్నెండేనా? ఇద్దరం కూచుంటే ఎంతసేపు బావా. ఇటియ్యి."

"ఎన్నాళ్ళ నుంచి తీస్తాండావు?"

"మొదటి నుంచి. మెట్టు దాటి నూట ముప్పై ఒకటి పడతాంటే ఏం చెయ్యాల? నీకు చెబితే ఊరుకుంటావా? మా నాయన పలకను ముట్టుకుంటావా అని నా మీదికి సుత్తి ఎత్తవూ?"

"మరి నూట నలభై ఎందుకు తీసుకున్నావు?"

"పగిలితే డబ్బు వాపసు ఇయ్యాల గదా. వారానికి మూడు నాలుగు పగిలేవి. అది ఆ యాభై ఏడులోనించే పోయేది. టేపూ ఆటో దాంట్లోనే. మిగిలింది తిన్నా. లేదని ఎందుకు చెప్పాల? ఎక్కువేం మిగల్లేదు. తిన్నా."

"తీసిన పలకలు?"

మహేష్ కత్తిమొనతో బల్ల మీది టేపు ముక్కను గీకినాడు. "జెరాక్సు మిషను కింద పేర్చినా. బండికి పెట్రోలు లేనప్పుడు కొన్ని అమ్మినా. తర్వాత చెయ్యి రాలే. శ్యాంసన్ మామ నా చేత అక్షరాలు దిద్దించిన పలక అట్లాంటిదే."

వెనక లైను పెరిగింది. కొనకనమిట్ల నుంచి కొడుక్కు మందులు పంపడానికి వచ్చిన పెద్దాయన, చంకలో చిన్న పొట్లం పెట్టుకొని, ఇదంతా శ్రద్ధగా వింటాండాడు. మహేష్ ఒక కట్టను ఒడిలోకి లాగి టేపు మీద కత్తి పెట్టినాడు. సత్యానందం ఒంగి వాని మణికట్టు పట్టుకున్నాడు.

"పెట్టింది తీయకూడదు."

"మరి ఎనభై మూడని రాసుకున్నావే. గొంతు మీద కూచోమన్నావే."

"రాసినా."

"పడేది నూట ముప్పై ఒకటి. కట్టకు నలభై ఎనిమిది. నూట పన్నెండు కట్టలు బావా. ఆ తేడా ఎవురు కడతారు? చెక్క డబ్బు పెడతావా? అడితివాడు ఊరుకుంటాడా?"

సత్యానందం ఆ కట్టనే చూసినాడు. తీసేస్తే ఒక్క పైసా పోదు. ఎనభై మూడు ఎనభై మూడుగానే ఉంటాది. చీటీ, మాట సరిపోతాయి. కాకినాడ నుంచి అమలాపురం దాకా ఒక్కరు కూడా నోరెత్తరు. తెలియని పలకను ఎవురడగతారు? మహేష్ కూడా ఇట్లనే అనుకొని ఉంటాడు, ఈ బల్ల మీదనే కూచోని, మొదటిరోజు.

లైన్లో పెద్దాయన ఉండబట్టలేక అన్నాడు. "నాయనా, ఏదో ఒకటి తేల్చుకోండి. మావాడు జరంతో ఉన్నాడాడ."

సత్యానందం మణికట్టు వదిలి, కౌంటరు కాడికొచ్చి, జేబులోని డబ్బంతా తీసి చెక్క మీద పెట్టినాడు. "ముందు పెద్దాయనది చూడు భాయ్. తర్వాత నావి. నూట ముప్పై ఒకటి లెక్కనే వెయ్యి."

"అన్నీనా?"

"అన్నీ."

అల్లాబక్ష్ పెద్దాయన పొట్లం పంపి, కట్టలు అందుకున్నాడు. చీటీ బయటికొస్తే చించడం, అంటించడం, అరచేత్తో గట్టిగా అదమడం. మహేష్ కొంచెంసేపు బల్ల మీదనే కూచోని, తర్వాత లేచొచ్చి, కత్తి మడిచి జేబులో వేసుకొని, కట్టలు ఒక్కొక్కటీ అందియ్యడం మొదలుపెట్టినాడు. బావా బావమరుదులు ఒకరి మొకం ఒకరు చూసుకోలేదు. కానీ చేతులు కుదిరినాయి. ఒకరు ఎత్తితే ఒకరు అందుకున్నారు. చివరి కట్ట లోపలికి పోయినాక సత్యానందానికి చిత్రంగా తేలికైంది. తిరునాళ్ళలో జేబు కొట్టేసినాక కూడా రంగులరాట్నం ఎక్కినోడికి ఉంటాదే, అట్లాంటి తేలిక.

బయటికొచ్చినాక మహేష్ అన్నాడు. "నువ్వు యాపారానికి పనికిరావు బావా."

"నువ్వు పనికొస్తావులే. బండి తియ్యి. ఇంటికాడ దించు."

అడితివాడితో శుక్రవారమంతా ఫోన్లో గొడవ. బయానా లేకుండా లోడు ఎక్కియ్యనన్నాడు. సుచరిత ఎంత బతిమాలినా, "మీ మామ శ్యాంసన్ ఉంటే ఎక్కించేవాణ్ణమ్మా, ఇప్పుడు రోజులు వేరు" అన్నాడు. ఆ మాట విని సత్యానందం షెడ్డులోకి పోయి ఖాళీ రంపం కాడ కూచున్నాడు. శనివారం చెక్క దిగలేదు.

సోమవారం మహేష్ ఆటో తీసుకొని వచ్చినాడు. ఆటో వెనక సీటు నిండా పలకలు. జెరాక్సు మిషను కింద ఉన్నవన్నీ. ఒక్కొక్కటీ పాత పేపరులో చుట్టినాడు, గడ్డి కూడా వేసినాడు. "దింపు బావా. ఫ్రేములతో సహా ఉండాయి. చెక్క లేకుండా కట్టేదానికి పనికొస్తాయి గదా" అన్నాడు. ఇద్దరూ దింపతా ఉంటే సుచరిత ఫోను మోగింది. కాకినాడ. ఆమె స్పీకరు నొక్కి గడప మీద పెట్టింది.

"సత్యానందం గారూ, కట్టలొచ్చాయండీ. అందరివీ. పైనున్నది మాత్రం చాలా కట్టల్లో విరిగింది. కింద అయిదింటికీ గీత కూడా పడలేదు. ఆరోది ఎందుకు పంపారు?"

"అది దారికమ్మా. దారి పలక" అని సత్యానందం నాయన మాట మొత్తం చెప్పినాడు. చేతిలో పలక పట్టుకొనే చెప్పినాడు.

ఆమె మొత్తం విన్నది. తర్వాత, "ఇంకో సంగతండీ. చీటీ మీద నూట ముప్పై ఒకటి ఉంది. మా దగ్గర ఎనభై మూడే తీసుకున్నారు. ఎక్కువైతే అడిగినదాన్ని, తక్కువైతే అడక్కుండా ఉంటానా? అందరికీ చెప్పాను. తలా నలభై ఎనిమిదీ పంపుతాం" అన్నది.

మహేష్ పలకలు కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, బావకు సైగ చేసినాడు. తీసుకో. సుచరిత కూడా చూస్తాంది. ఆ డబ్బొస్తే చెక్క వస్తాది.

"వద్దమ్మా. ఎనభై మూడని రాసింది నేను. మీరు కాదు."

"అలా కాదండీ..."

"వద్దు తల్లీ. ఒకసారి రాసినాక అది మీ ధర."

ఆమె నిట్టూర్చింది. నిదానంగా అన్నది. "ఏం మనుషులండీ మీరు. ఈ దారి పలక మాట మొదటే రాసి ఉంటే, ఆ నూట నలభైకి నేను నోరెత్తేదాన్నే కాదు కదా."

ఫోను పెట్టేసినాక మహేష్ నవ్వుతాడేమో అని సత్యానందం చూసినాడు. వాడు నవ్వలేదు, ఆటోలో గడ్డి ఏరుకుంటాండాడు.

"ఒరే, ఇట్రా" అన్నాడు సత్యానందం. దింపిన పలకల్లోనించి ఒకటి తీసి, అరచేత్తో తుడిచి, బలపం తెమ్మన్నాడు. నాయన మాదిరి కొమ్ములు సాగదీసి రాయడం మొదలుపెట్టినాడు. 'పలకలు అయిదు, మూడు వందలు. దారి పలక ఒకటి, మాది. దాని బరువుతో కలిపి పోస్టు నూట ముప్పై ఒకటి. టేపు, ఆటో, తొమ్మిది.' అక్కడ బలపం ఆపి తలెత్తినాడు.

"నీ పెట్రోలు ఎంత రాయాల?"

"అది కూడా రాస్తావా?" మహేష్ చెవులు ఎర్రబడినాయి.

"పేరు పెట్టి రాస్తే అది కూలి. పేరు లేకుండా తింటేనేరా తినడం. ఎంత?"

"ఆరు రూపాయలు వెయ్యి."

"అయిదేస్తా" అని రాసినాడు సత్యానందం. మహేష్ నవ్వినాడు. సుచరిత ఆ పలకను ఫొటో తీసి ఆన్‌లైన్ దుకాణంలో పెట్టి, ఆపేసిన ఆర్డర్లు మళ్ళీ తెరిచింది. పోస్టు మొత్తం కలిపితే నూట నలభై అయిదు పడింది. మహేష్ తీసుకున్నదానికంటే అయిదు ఎక్కువ. ముగ్గురూ అది గమనించినారు. చాయ నీళ్ళు పొయ్యి మీద పెట్టే లోపల ఫోను ఒకసారి కుయ్యిమంది.

చెక్క ఇంకా రాలేదు. అడితివాడు సగం లోడైనా పంపాలంటే బయానా పంపమంటాండాడు. కట్టల వెలా, వాటికి వేసిన ఎనభై మూళ్ళూ కంపెనీ నుంచి వస్తాయి, ఇయ్యాల కాకపోతే రేపు. పైన కట్టింది మాత్రం రాదు. ఆ వారం దారి తిన్నది అయిదు వేల మూడు వందల డెబ్బై ఆరు రూపాయలు.